‘బిడ్డ ఆడుతోందా?’ అని ఎందుకు అడుగుతాం

(ఆసుపత్రికి వచ్చిన తల్లులకు, కుటుంబ సభ్యులకు పిల్లల వార్డు నర్సు చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డను ఓపీ గదిలోకి తీసుకురాగానే మేము మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాం. జ్వరం ఎప్పటి నుండి? వాంతులు ఉన్నాయా? అన్నం తింటోందా? వీటన్నిటికీ మీరు గబగబా జవాబు చెబుతారు. ఆ తర్వాత “బిడ్డ ఆడుతోందా?” అని అడిగితే మాత్రం చాలామంది నవ్వేస్తారు. “ఆటకేం సిస్టరమ్మా, ముందుగాల రోగం సంగతి చూడుండ్రి” అని ఒక అవ్వ నన్ను కసిరింది కూడా.

అది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. నూట రెండు జ్వరం వచ్చినా, అది కాస్త దిగగానే లేచి మంచం కోడు పట్టుకుని ఆడే బిడ్డను చూస్తే మాకు ధైర్యంగా ఉంటుంది. జ్వరం దిగినా ఆడకుండా, పిలిస్తే పలకకుండా, మత్తుగా పడి ఉండే బిడ్డను చూస్తే డాక్టరుగారు ఉన్నపళాన కుర్చీలోంచి లేస్తారు. పాలు గాని నీళ్ళు గాని తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, ఇలా మగతగా పడి ఉండడం - చిన్నపిల్లల్లో ఈ నాలుగూ ప్రమాద సూచనలు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారే దాకా ఆగకండి.

చూశారా, ఆట అనేది బిడ్డ ఒంట్లో సత్తువ ఉన్నదో లేదో చెప్పే గుర్తు. మనకు పొలం పని ఎలాగో పిల్లలకు ఆట అలాగ. ఈ రోజు నేను ఆ పని గురించే మాట్లాడతాను. ముఖ్యంగా మూడేళ్ళు నిండిన దగ్గర నుండి ఆరేళ్ళకు ఒకటో తరగతిలో చేరే వరకు, అంగన్‌వాడీలోనో నర్సరీలోనో గడిచే ఆ మూడేళ్ళ గురించి.

“ఊకె ఆడుతనే ఉంటడు”

మా వార్డులో మంచాల మధ్య తరచుగా వినబడే మాట ఒకటుంది. “మా పోరడు అంగన్‌వాడీకి పోతడు గని ఏం లాభం? ఊకె ఆడుతనే ఉంటడు. పక్కింటి పిల్ల వ్యానుల పోతది, ఏబీసీడీలు గడగడ చెప్తది.” ఈ మాట వెనక ఉన్న బాధ నాకు తెలుసు. మిర్చి ఏరి, పత్తి తీసి కూడబెట్టిన పైసలతో మూడేళ్ళ బిడ్డకు ఫీజు కట్టే తల్లిదండ్రులు మన మరిపెడ చుట్టుపక్కల తక్కువేమీ లేరు. తాము చదువుకోలేకపోయిన కొరత బిడ్డకు ఉండకూడదని వాళ్ళ ఆశ. ఆ ఆశను నేనెందుకు తప్పు పడతాను?

అయితే ఒక చిన్న పరీక్ష చెబుతాను, ఇంటికి వెళ్ళాక చేసి చూడండి. అంకెలు గడగడ చెప్పే మూడేళ్ళ పిల్ల ముందు గుప్పెడు చింతగింజలు పోసి, “నాకు మూడు గింజలు ఇయ్యమ్మా” అనండి. ఇరవై దాకా అప్పజెప్పిన పిల్లలు కూడా చేతికి వచ్చినన్ని తీసి ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళు మొద్దులు కారు. నోటికి వచ్చిన మూడు ఇంకా చేతికి రాలేదు, అంతే. ముగ్గురికి మూడు గిన్నెలు పంచి, మూడు రాళ్ళు పేర్చి, మూడు మెట్లు ఎక్కి దిగి, ఒకటి తక్కువైతే తగాదా పడి, అలా కొన్ని నెలలు గడిచాక ఒకనాడు ఆ మూడు చేతికి వస్తుంది. దానికి దగ్గరి దారి లేదు.

మంచి అంగన్‌వాడీలో పొద్దున పూట పది నిమిషాలు తలుపు దగ్గర నిలబడి చూడండి. ఒక మూల ఇద్దరు పిల్లలు కందులు, చిక్కుడు గింజలు, మక్కజొన్న కలిపి పోసిన చాటను ముందు పెట్టుకుని వేరు చేస్తుంటారు. ముందు రంగును బట్టి వేరు చేస్తారు. టీచరు వచ్చి “పెద్దవి ఏవి, చిన్నవి ఏవి?” అనగానే మళ్ళీ అన్నీ కలిపి ఇంకో విధంగా వేరు చేస్తారు. పైకి చూస్తే గింజలతో ఆట. కాని ఒకే వస్తువును రెండు విధాలుగా చూడవచ్చునని ఆ బిడ్డ బుర్రకు అప్పుడే తెలుస్తుంది. రేపు లెక్కల పుస్తకంలో కావలసింది ఆ తెలివే.

ఇంకో మూల అంగడి ఆట. ఒకడు కోమటి, ఇద్దరు బేరగాళ్ళు. రావి ఆకులు నోట్లు, గులకరాళ్ళు ఉల్లిగడ్డలు. ఈ ఆటను చూసి నవ్వుకుని వెళ్ళిపోతాం గాని, ఇందులో జరుగుతున్నది చాలా పెద్ద సంగతి. ఆకు డబ్బు కాదని బిడ్డకు తెలుసు. తెలిసీ, డబ్బుకు బదులు ఆకును నిలబెడుతోంది. అక్షరం కూడా అంతే కదా! ‘అ’ అని మనం గీసే గీత ఒక ధ్వనికి బదులుగా నిలబడింది. ఒకదానికి బదులు ఇంకొకటి నిలబడగలదని ఆటలో తెలుసుకున్న బిడ్డకు అక్షరం అంటే ఏమిటో సులభంగా అర్థమవుతుంది. పైగా బేరం ఆడాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి, “నువ్వే కోమటివి ఎందుకు ఉండాలె?” అని వాదించి, చివరకు రాజీ పడాలి. ఇవన్నీ పలక మీద రాయించలేం.

చేతి ఎముకలు చెప్పే సంగతి

మా ఎక్స్‌రే గదిలోకి మిమ్మల్ని రానివ్వం గాని, రానిస్తే ఒక వింత చూపిస్తాను. పెద్దవాళ్ళ మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ ఎక్స్‌రేలో వాటిలో ఒక్కటీ కనబడదు. అవన్నీ ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. మూడేళ్ళ వయసుకు సుమారు మూడు గట్టిపడి కనబడతాయి. ఆరేడేళ్ళకు ఏడు అవుతాయి. ఎనిమిదవది తొమ్మిది, పన్నెండేళ్ళ మధ్య ఎప్పుడో వస్తుంది. ఆడపిల్లల్లో కాస్త ముందు, మగపిల్లల్లో కాస్త వెనక. పిల్లల వయసును అంచనా వేయవలసి వస్తే డాక్టర్లు ఈ చేతి ఎక్స్‌రేనే చూస్తారు.

మూడేళ్ళ చేయి అలాంటిది. వేళ్ళ కండరాలు కూడా అప్పుడప్పుడే పట్టు నేర్చుకుంటున్నాయి. సాధారణంగా బిడ్డ మూడేళ్ళకు చూసి సున్నా గీస్తుంది. నాలుగేళ్ళకు కూడిక గుర్తు గీస్తుంది. ఐదేళ్ళు వచ్చేసరికి నాలుగు పలకల పెట్టె, ఆ తర్వాత మూడు మూలల బొమ్మ గీయగలుగుతుంది. కొందరు ఆరు నెలలు ముందు, కొందరు వెనక. మూడు మూలలు ఇంకా గీయలేని చేతికి నాలుగు గీతల నోటుబుక్కు ఇచ్చి, రోజుకు రెండు పేజీలు హోంవర్కు రాయమంటే ఏమవుతుంది? బలపం విరుగుతుంది, బిడ్డ ఏడుస్తుంది, తల్లి వీపు మీద ఒకటి వేస్తుంది. చదువంటే వీపు మీద పడేది అని ఆ బిడ్డ నేర్చుకుంటుంది. ఆ పాఠం మాత్రం త్వరగా మరిచిపోదు.

మరి ఆ చేతిని తయారు చేసేది ఏమిటి? మీరు జొన్న రొట్టెలు చేసేటప్పుడు నిమ్మకాయంత పిండి ముద్ద ఇవ్వండి, చాలు. పిసుకుతుంది, పాములు చేస్తుంది, చిన్న రొట్టె కొడుతుంది. తడి ఇసుకలో పాదం పెట్టి పిట్టగూళ్ళు కట్టడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, తాను విప్పిన గుండీ తానే పెట్టుకోవడం - ఇవన్నీ ఆ చేతికి కసరత్తులే. మన తెలుగు అక్షరాలు గుండ్రటివి. నేల మీద చుక్క చుట్టూ వేలితో సున్నాలు చుట్టి చుట్టి అలవాటైన చేయి ‘ర’ రాయడానికి, ‘ద’ రాయడానికి తొందరగా లొంగుతుంది.

బతుకమ్మ పండుగ రోజుల్లో గమనించండి. తంగేడు ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప, బంతి ఒక కుప్ప వేసేది పిల్లలే. గునుగు పూల కొసలకు రంగులు అద్దుతారు. తాంబాలంలో కింద వరుస పెద్దదిగా, పైకి పోయేకొద్దీ చిన్నదిగా పేరుస్తుంటే పక్కన కూర్చుని పూలు అందిస్తారు. ఒక వరుస వంకర పోతే అంతా ఒరిగిపోతుందని కళ్ళతో చూస్తారు. పెద్ద ఊళ్ళలో బడులు ఇలాంటి పాఠానికి రంగుల ప్లాస్టిక్ రింగులు కొంటాయి. మనకు వాగు గట్టు మీద ఉచితంగా పూస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఇటలీలో మరియా మాంటిస్సోరి అనే లేడీ డాక్టరు 1907 జనవరి 6న రోము నగరంలో, శాన్ లొరెంజో అనే పేదల పేటలో, కూలీల పిల్లల కోసం ఒక బాలల ఇల్లు తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే ఆ పిల్లలు మెట్ల మీద అల్లరి చేస్తూ గోడలు పాడు చేస్తున్నారని ఆ ఇళ్ళ యజమానుల గోల. ఆమె పంతులమ్మగా వెళ్ళలేదు, డాక్టరుగా గమనిస్తూ కూర్చుంది. మూడేళ్ళ పాప ఒకతె చెక్కదిమ్మలోని బొరియల్లో సరిపోయే కొయ్యబిళ్ళలను పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం, ఇలా నలభై సార్లకు పైగా చేసిందట. చుట్టూ పిల్లలు పాటలు పాడినా, కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా ఆ పాప ధ్యాస చెదరలేదు. మన బిడ్డ ఒకే చెంబుతో నీళ్ళు ఇందులోంచి అందులోకి పదిసార్లు పోస్తే మనం “మొండి పట్టు” అంటాం. ఆ డాక్టరమ్మ దాన్ని పని అన్నది. ఆమె 1939లో మన దేశానికి వచ్చి మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండిపోయింది. ఈనాడు ఆమె పేరు మన చిన్న పట్నాల్లో కూడా బడి బోర్డుల మీద కనబడుతుంది. బోర్డు చూసి మురిసిపోకుండా లోపల పిల్లల చేతుల్లో ఏముందో చూడండి. మూడేళ్ళ పిల్లలు వరుస బెంచీల మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఆ పేరుకు, ఆ బడికి సంబంధం లేదని అనుకోవచ్చు.

గుడ్డు కోసమేనా అంగన్‌వాడీ?

అంగన్‌వాడీ అంటే గుడ్డు పెట్టే చోటు అని చాలామంది అనుకుంటారు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులుగా ఐసీడీఎస్ మొదలైనప్పుడే దానికి ఆరు పనులు అప్పజెప్పారు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, జబ్బు చేస్తే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, వీటితోపాటు మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల ద్వారా పూర్వ ప్రాథమిక విద్య. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశ అన్నది. 2022 అక్టోబరులో ఆ దశకు వచ్చిన పాఠ్య ప్రణాళిక కూడా ఆటే పద్ధతి అని, ఇంటి భాషలోనే మొదలుపెట్టాలని చెప్పింది. అంటే ఆటను పాఠంగా చూడడం ప్రభుత్వ విధానం కూడా. అన్ని కేంద్రాల్లో అది జరుగుతోందా అంటే, లేదు. ఒకే గది, రిజిస్టర్లు, వంట, సర్వేలు, వీటి మధ్య టీచరుకు ఊపిరాడదు. కాని తల్లులు వెళ్ళి “ఈ రోజు ఏ పాట చెప్పినవమ్మా?” అని అడిగే చోట పాట ఉంటుంది. “గుడ్డు ఇచ్చిన్రా?” అని మాత్రమే అడిగే చోట గుడ్డే ఉంటుంది.

ఇంటి భాష అన్నాను. మన చుట్టూ ఎన్నో తండాలు ఉన్నాయి. ఇంట్లో ‘యాడీ’ అని తల్లిని పిలిచే బిడ్డ, ‘పాణి’ అని నీళ్ళు అడిగే బిడ్డ, మూడేళ్ళకు కేంద్రంలో కాలు పెట్టగానే అంతా తెలుగు. ఇక నేరుగా ఇంగ్లీషు నర్సరీకి పంపితే రెండు గోడలు దాటాలి. అలాంటి పిల్లలు కొన్ని వారాలు నోరు విప్పరు. “మాటలు రావేమో” అని భయపడి మా దగ్గరకు తెచ్చిన తల్లులూ ఉన్నారు. ఇంట్లో లంబాడీలో చక్కగా మాట్లాడుతుంటే మాటలు వచ్చినట్టే, భయం లేదు. ఆ బిడ్డను ముందుగా గట్టెక్కించేది ఆటే. ఇసుకలో గుంట తవ్వడానికి భాష అక్కరలేదు. పక్క పిల్లతో కలిసి తవ్వుతూ తవ్వుతూ నాలుగు తెలుగు మాటలు పట్టుకుంటుంది. తల్లులు ఇంట్లో లంబాడీ మానేసి, వచ్చీరాని తెలుగు మాట్లాడవలసిన పని లేదు. మీ భాషలోనే కథలు చెప్పండి, పాటలు పాడండి. ఒక భాష గట్టిగా ఉన్న బిడ్డకు రెండోది ఎక్కుతుంది.

తిండి, ఆట కలిసి

ఇప్పుడు బరువు తక్కువ ఉన్న పిల్లల తల్లులు కాస్త ముందుకు వచ్చి వినండి. మేము టేపుతో బిడ్డ తల కొలుస్తాం కదా. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాదికి 46 దాకా, ఐదేళ్ళకు 50 దాకా వస్తుంది. ఆ తర్వాత పెద్దయ్యే వరకు పెరిగేది మరో నాలుగైదు సెంటీమీటర్లే. మెదడు పెరుగుదల ఎంత తొందరగా జరిగిపోతుందో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు. ఆ పెరిగే మెదడుకు తిండి కావాలి. ఆ తిండితో చేయడానికి పనీ కావాలి.

జమైకా అనే చిన్న దేశంలో, కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో 1986-87లో ఎత్తు సరిగా పెరగని 129 మంది చంటిపిల్లలను తీసుకున్నారు. తొమ్మిది నెలల నుండి రెండేళ్ళ లోపు పిల్లలు. కొందరికి రెండేళ్ళపాటు వారం వారం పాలపొడి ఇచ్చారు. కొందరి ఇంటికి వారానికి ఒకసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, గంటసేపు తల్లితో కలిసి బిడ్డను ఆడించింది. ఖాళీ డబ్బాలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలే. కొందరికి రెండూ ఇచ్చారు, కొందరికి ఏదీ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళు గడిచాక వాళ్ళను వెతికి పట్టుకుని చూస్తే, చిన్ననాడు ఆట అందినవాళ్ళు ఆట అందని వాళ్ళకంటే సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పాలపొడి మాత్రమే అందినవాళ్ళలో ఆ తేడా నిలవలేదు. దీన్ని విని తిండి తగ్గించమని అర్థం చేసుకోకండి! తిండి లేనిదే ఆట లేదు. రక్తం తక్కువైన బిడ్డ ఆడదు, ఏదీ ముట్టుకుని చూడదు, ఎత్తుకోమని తల్లి కొంగు పట్టుకుని వేలాడుతుంది. “మా బిడ్డ చాలా నెమ్మది, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటది” అని మెచ్చుకునే తల్లిని చూస్తే నేను ముందు ఆ బిడ్డ కనురెప్ప లోపలి వైపు చూస్తాను, ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా అని.

అందుకే తీవ్రమైన పోషణలోపంతో చేరిన పిల్లల చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పిన పది మెట్లలో తొమ్మిదవది ఆట, ఆప్యాయత. రోజుకు 15 నుండి 30 నిమిషాలు బిడ్డను కూర్చోబెట్టి ఆడించాలి. మందుల చీటీలో రాయకపోయినా అది చికిత్సలో భాగమే.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆట ఇంకో మేలు చేస్తుంది. సెలైను ఎక్కించుకున్న నాలుగేళ్ళ పాప ఒకతె మూడు రోజులు నన్ను చూస్తేనే గుక్కపట్టి ఏడ్చేది. నాలుగో రోజు తన గుడ్డబొమ్మను పండబెట్టి, నేను ఇచ్చిన సూది లేని కొత్త సిరంజితో దాని చేతికి ఇంజెక్షన్ వేస్తోంది. “ఏడ్వకు, గీడ్వకు, అయిపాయె” అంటోంది. అవి నా మాటలే, నా గొంతుతోనే! తర్వాత నుండి నన్ను చూసి ఏడవలేదు. ఇంట్లో బొమ్మకు ఇంజెక్షన్లు వేస్తుంటే “అపశకునం” అని ఆపకండి. వాడిన సూదులు, సిరంజిలు మాత్రం ఎన్నడూ పిల్లల చేతికి పోనివ్వకండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. బిడ్డ అన్నీ ముట్టి చూడాలంటే, ముట్టకూడనివి ముందు మనం ఎత్తి పెట్టాలి. పత్తి మందు, మిర్చి మందు కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం వల్ల వచ్చిన కేసులు చూస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. మందు దాని డబ్బాలోనే, తాళం వేసి ఉంచండి. నీళ్ళ సంపుకు మూత పెట్టండి. నోట్లో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా, చింతగింజ, పూస, గుండీ బ్యాటరీ, మూడేళ్ళ లోపు బిడ్డకు ఇవ్వవద్దు. పల్లీలు కూడా దంచి పెట్టండి. మూడేళ్ళు దాటిన పిల్లలు గింజలతో ఆడేటప్పుడు ఒక పెద్దమనిషి పక్కనే ఉండాలి. మట్టిలో ఆడితే జబ్బు చేస్తుందని కొందరు అసలు దింపరు. ఆడనివ్వండి, తినే ముందు సబ్బుతో చేతులు కడగండి, ఆరు నెలలకొకసారి అంగన్‌వాడీలో వేసే నులిపురుగుల మాత్ర వేయించండి.

సెల్‌ఫోను గురించి అడగకుండా ఒక్క సమావేశం ముగియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాది పిల్లలకు అసలు వద్దు, రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. ఫోనులో బంతి దొర్లుతుంది గాని దాని బరువు చేతికి తెలియదు. ముద్ద ముద్దకూ ఫోను చూపించి తినిపిస్తే ఎంత తిన్నదో బిడ్డకూ తెలియదు.

ఇక ఏ బిడ్డను తొందరగా చూపించాలి? పేరు పెట్టి పిలిచినా తిరగని బిడ్డ, ఏడాదిన్నర దాటినా వేలితో చూపించి అడగని బిడ్డ, మూడేళ్ళు వచ్చినా ఉత్తుత్తి వంట వంటి ఆటలు ఆడని, తోటి పిల్లల వైపు చూడని బిడ్డ, అంతకు ముందు ఆడి, మాట్లాడి ఇప్పుడు మానేసిన బిడ్డ. “వాళ్ళ నాయినకు కూడా మాటలు ఆలస్యంగ వచ్చినయి” అని రెండేళ్ళు ఆగవద్దు. చెవి వినబడకపోవడం వంటివి ముందుగా తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. ఆ రోజు బిడ్డను తప్పకుండా పంపండి, వీలైతే మీరూ వెళ్ళండి.

నా మాటలు ఎక్కువయ్యాయి, భోజనాల వేళ కూడా అవుతోంది. పిల్లల వార్డులో కిటికీ కింద ఒక అట్టపెట్టె ఉంది. అందులో గుడ్డ బంతులు, బాలామృతం ఖాళీ ప్యాకెట్లు కుట్టి చేసిన సంచులు, ప్లాస్టిక్ గిన్నెలు, పెద్ద మూతలు ఉన్నాయి. అడగవలసిన పని లేదు, తీసుకుని మీ బిడ్డ మంచం మీద పెట్టి, మీరూ కూర్చోండి. ఒక బిడ్డ ఆడిన తర్వాత ఇంకో బిడ్డకు ఇచ్చే ముందు సబ్బునీళ్ళతో కడగండి. విరేచనాలతో చేరిన పిల్లలకు వేరే పెట్టె ఉంది, అది నన్ను అడగండి. ఇప్పుడు మీ ప్రశ్నలు చెప్పండి, ముందు ఆ వెనక వరుసలో ఉన్న అమ్మ.